నాయనమ్మ ప్రశ్నలో (సి) భాగం

మొన్న నల్లపాడు వెళ్ళి మా సాంబశివరావు బాబాయిని చూసొచ్చాను. గుమ్మంలో చెప్పులు విప్పుతున్నానో లేదో, లోపల పడక్కుర్చీలోంచి గొంతు వినిపించింది. "(ఎ) శారద వచ్చిన మాట వాస్తవమేనా? (బి) వాస్తవమైతే, ఇన్నాళ్ళూ రాకపోవడానికి కారణాలేమిటి? (సి) ఈసారైనా భోంచేసి వెళ్ళే ఉద్దేశం ఉందా, ఉంటే ఆ వివరాలేమిటి?" మోకాళ్ళు అరిగిపోయాయి, ఒక చెవి పూర్తిగా మూతబడింది, పళ్ళు గ్లాసులో ఉన్నాయి, ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు. నేనూ ఆ ఇంటి పిల్లనే గదా, చేతులు కట్టుకుని నిలబడి, "(ఎ) అవునండి. (బి) మావాడి పరీక్షలండి. (సి) పిన్ని ఏం వండిందో సమాచారం సేకరిస్తున్నామండి" అన్నాను. బాబాయి నవ్వీ నవ్వీ దగ్గులో పడ్డాడు. వంటింట్లోంచి పిన్ని వచ్చి ఆయన వీపు నిమురుతూ, "తల నెరిసినా నీకూ పోలేదటే ఈ పిచ్చి" అని నన్ను కసిరింది. గోంగూర మాంసం వండిందట. (సి) భాగానికి జవాబు దానంతటదే వచ్చేసింది.

ఈ పిచ్చి ఎక్కడిదో చెప్పాలి. మా బాబాయి లా చదివాడు. నల్లకోటు కుట్టించుకున్నాడు. కేసులే రాలేదు. ఆ కోటు మా ఇంట్లో ఎండు మిరపకాయల గదిలో మేకుకు వేలాడి వేలాడి ఘాటు పట్టేసింది. ఎవరైనా పొరపాటున దులిపితే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. చివరికి గుంటూరులో మా ఎంపీగారి ఆఫీసులో చేరాడు. ఆ ఎంపీగారు మైకు దొరికితే వదిలే మనిషి కాదు గానీ, ప్రశ్న రాయమంటే చెమటలు పట్టేవట. పార్లమెంటులో మంత్రిని నోటికొచ్చినట్టు అడగడానికి వీల్లేదు. ముందుగా రాసివ్వాలి, భాగాలు భాగాలుగా అడగాలి. ఫలానా సంగతి వాస్తవమేనా, అయితే కారణాలేమిటి, ప్రభుత్వం ఏం చేయబోతోంది. ఎవరినీ తిట్టకూడదు, సొంత గొడవ తేకూడదు, ఊహించి అడగకూడదు. ఇన్ని కూడనివాటి మధ్యలోంచి ప్రశ్నని సూదిలో దారంలా ఎక్కించే పని మా బాబాయిది. ఆ పనిలో ఆయన ఎంత మునిగిపోయాడంటే, పెళ్ళిచూపుల్లో పిన్నిని కూడా (ఎ), (బి), (సి) అనే అడిగాడు. పిన్ని వాళ్ళ నాన్న, "అబ్బాయికి ఒంట్లో బాగానే ఉంటుందా అండీ?" అని మా నాన్నని పక్కకి తీసుకెళ్ళి అడిగాడట.

ఇంట్లో ఆ జబ్బు అందరికీ అంటుకుంది. పొద్దున్నే కాఫీలయ్యాక వసారాలో మంచం మీద నాయనమ్మ కూర్చునేది, ఆవిడే స్పీకరు. పక్కన వక్కల సంచి. అమ్మ వంటింటి గడపలో నిలబడి, "(ఎ) కజ్జికాయల డబ్బా సగానికి దిగిన మాట వాస్తవమేనా? (బి) అయితే బాధ్యులెవరు?" అని మొదలుపెట్టేది. నేను, "సమాచారం సేకరిస్తున్నాం, త్వరలో సభ ముందుంచుతాం" అనేదాన్ని, నోట్లో కజ్జికాయ ఉండగానే. మా నాన్నయితే పుట్టుమంత్రి. కొత్త చెప్పులడిగినా, సినిమాకి తీసుకెళ్ళమన్నా, పేపరు దించకుండా ఒకటే మాట: "ఈ అంశం మీ అమ్మ పరిధిలోనిది." అమ్మ దగ్గరికి వెళితే, "అలాంటి ప్రతిపాదనేదీ లేదు" అనేది. నాయనమ్మ వక్క కొరుకుతూ, "కూచోండే, కూచోండి, తర్వాతి ప్రశ్న" అనేది. ఆ వక్క వాసన, కాఫీ వాసన, పక్కగదిలోంచి ముక్కుపుటాల్లో గుచ్చుకునే మిరప ఘాటు, ఇవన్నీ కలిస్తేనే నాకు ప్రజాస్వామ్యం అనిపిస్తుంది ఇప్పటికీ. పరాయి ఇళ్ళల్లో పిల్లలు అడిగితే తన్నేవాళ్ళు. మా ఇంట్లో అడగడం వరకూ ఏ అడ్డూ లేదు, జవాబు రాదంతే.

అయితే మా నాయనమ్మ మాణిక్యమ్మకి నిజంగా జవాబు కావలసిన ప్రశ్న ఒకటుంది. రోడ్డు మీంచి మా కల్లానికి బండి వెళ్ళాలంటే మస్తాన్ వలీ తాత చేలో ఒక పక్కగా దారుంది. మిరపకాయలు ఆరబోసే కల్లం కాబట్టి ఆ దారి లేకపోతే మా పంట మనుషుల నెత్తిమీద చుట్టు తిరిగి రావాల్సిందే. మస్తాన్ తాత వాళ్ళ నాన్న ఆ దారి వాడుకొమ్మని మా తాతయ్యకి నోటిమాటగా ఇచ్చాడు. వాళ్ళ నాన్న పోయాక ఒక ఏడాది మా ఎద్దు మస్తాన్ తాత పత్తిచేలో పడి శుభ్రంగా మేసింది. మస్తాన్ తాతకి కోపమొచ్చి తుమ్మకంప కొట్టి దారి మూసేశాడు. తాతయ్య కోర్టుకెక్కాడు. మస్తాన్ తాత లాయరు కోర్టులో వేసిన జవాబులో, అలాంటి మాటెవ్వరూ ఇవ్వలేదు, వాది పచ్చి అబద్ధాలకోరు అని రాశాడు. కింద మస్తాన్ తాత వేలిముద్ర వేశాడు. అది విన్నాక తాతయ్య ఆ పూట అన్నం ముట్టలేదట. కేసు తేలకుండానే పోయాడు. ఆయన వెనక నాయనమ్మ వాది అయింది. "దారి ఇస్తే ఇయ్యనీ, పోతే పోనీ. మా ఆయన అబద్ధమాడలేదని ఆ కోర్టులో ఒక్కసారి వినాలి నేను. అది వినేదాకా చావను" అనేది.

వినడానికి ఆ కోర్టులో జడ్జి లేడు. ఉన్నాయన బదిలీ మీద వెళ్ళిపోయాడు, కొత్తాయన రాలేదు. వాయిదా రోజున బెంచి గుమస్తా పేర్లు చదివి ఇంకో తారీకు చెప్పేవాడు, అంతే సంబడం. దానికోసం నాయనమ్మ తెల్లారేసరికి తలంటుకుని, జరీ అంచు చీర కట్టుకుని, గోంగూర పచ్చడన్నం, చల్ల మిరపకాయలు క్యారేజీలో సర్దేది. క్యారేజీ పెద్దది, ఎందుకంటే ప్రతివాది కూడా అందులోనే తినాలి. మస్తాన్ తాత బస్టాపులో కండువా పరిచి ఆవిడకి చోటుపట్టి ఉంచేవాడు. "రా అక్కా, ఎండ ఎక్కకముందే పోయొద్దాం" అనేవాడు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో. బస్సు దిగి కోర్టు గేటు దాటగానే నాయనమ్మ ముఖం తిప్పుకుని అటు చెట్టు కింద కూర్చునేది, ఆయన ఇటు చెట్టు కింద. లోపల వాయిదా పడగానే మళ్ళీ కలిసి అన్నం. సెలవుల్లో నేను కూడా వెళ్ళేదాన్ని, ఆయన కొనిపెట్టే గోళీ సోడా కోసం. ఒకసారి నేనే ఉండబట్టలేక, "తాతా, మా తాతయ్య అబద్ధం చెప్పలేదని చెప్పెయ్యొచ్చుగా" అన్నాను. మస్తాన్ తాత అటూ ఇటూ చూసి, "నోరుముయ్యవే తల్లీ. కోర్టులో ఏలిముద్రేసి ఒకటి చెప్పి బయట ఇంకోటి చెబితే జైల్లో ఏస్తారంట. మా లాయరు ఒట్టేసి చెప్పాడు" అన్నాడు. నాయనమ్మ వినీ విననట్టు చల్ల మిరపకాయ కరకరా నమిలింది.

ఇదంతా చూసి చూసి నాయనమ్మ ఒకరోజు బాబాయిని పట్టుకుంది. "ఒరేయ్ సాంబడూ, ఊళ్ళోవాళ్ళ ప్రశ్నలన్నీ ఢిల్లీకి పంపుతున్నావు గదా, అమ్మ ప్రశ్న పంపవేంరా?" అంది. బాబాయి కలం తీశాడు. తాలూకా కోర్టుల్లో జడ్జి పోస్టులు ఖాళీగా ఉన్న మాట వాస్తవమేనా అని (ఎ), కారణాలేమిటని (బి), చక్కగా రాసి చదివి వినిపించాడు. నాయనమ్మ తల ఊపింది. "బాగుంది. ఇప్పుడు (సి) రాయి. మాణిక్యమ్మ మొగుడు అబద్ధమాడిన మాట వాస్తవమేనా?"

"అమ్మా, అట్లా అడక్కూడదే. సొంత విషయం రూల్స్ ఒప్పుకోవు."

"సొంతం ఏంట్రా? ఆయన మీ నాన్న కూడానా కాదా?"

"దేశం మొత్తానికి పనికొచ్చేదే అడగాలమ్మా."

"దేశం మొత్తంలో ఇంకే మొగుణ్ణీ అబద్ధాలకోరనలేదా? వాళ్ళందరికీ కలిపే అడుగు."

బాబాయి ఆ రాత్రంతా కుస్తీపట్టి, సాక్షులు వృద్ధులై మరణిస్తున్నందున వారి మాట సకాలంలో వినడానికి ప్రభుత్వం ఏం చర్యలు తీసుకుంటోందని (సి) భాగం తయారుచేశాడు. నాయనమ్మ అది రెండోసారి చదివించుకుని, "మనిషిని కనిపించకుండా చేశావుగానీ, వాసన తగులుతోందిలే, పంపు" అంది. ఎంపీగారు సంతకం పెట్టారు. పార్లమెంటులో ఏ ప్రశ్న ముందో లాటరీ తీస్తారట. మన ప్రశ్న జాబితాలోకి వచ్చిందిగానీ చివర్లో వచ్చింది, ఉన్న ఒక్క గంటలో అంతదాకా రావడం కష్టం. ఆ సంగతి బాబాయి ఎవరికీ చెప్పలేదు. మంత్రిగారు నోటితో జవాబు చెబుతారని మాత్రమే చెప్పాడు. ఊరంతా డప్పు కొట్టించినంత పనయింది.

అది మిరప కోతల కాలం. మా వసారాలో తెల్లబారిన తాలుకాయలు ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళు గుట్ట చుట్టూ కూర్చుని ఉండగా, నాన్న టీవీని స్టూలు మీద పెట్టాడు. ఊళ్ళో సగంమంది మా ఇంట్లోనే. మస్తాన్ తాత ఉతికిన లుంగీ కట్టుకుని ముందువరసలో, నాయనమ్మ మంచం పక్కనే. టీవీలో వాళ్ళు మాట్లాడేది హిందీ, ఇంగ్లీషు. బాబాయి నిలబడి తెలుగులో చెబుతున్నాడు. మొదటి ప్రశ్న రైలు గురించి. దానికి అనుబంధ ప్రశ్నలు, వాటి మీద గొడవ. ఒకాయన లేచి అరుస్తుంటే కాయలేరే కోటమ్మ, "ఆయనెవరయ్యా, పెళ్ళిలో మర్యాద తక్కువైన మేనమామలాగా ఎగురుతున్నాడు" అంది. స్పీకరు కూచోండి కూచోండి అని చేతులూపుతుంటే నాయనమ్మ, "పాపం, స్పీకర్లందరూ నాలాగే ఉన్నారు" అని జాలిపడింది. రెండో ప్రశ్న చక్కెర గురించి. మూడోది వచ్చేసరికి సభలో అందరూ లేచి మధ్యలోకి పరిగెత్తారు. ఎందుకో బాబాయికే అర్థంకాలేదు. సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ఎవరో మిరప గుట్టని కాలితో తన్నారు. ఘాటు లేచింది. ఊరంతా ఒక్కసారి తుమ్మడం మొదలుపెట్టింది. ఆ తుమ్ముల్లోంచి తలెత్తి చూసేసరికి టీవీలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"ఏమైందిరా?" అంది నాయనమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

"సభ వాయిదా పడిందమ్మా."

"ఆఁ? ఇక్కడా వాయిదాలేనా! అంత దూరం పోయి వీళ్ళు చేసేదీ ఇదేనా! దీనికి మన గుమస్తా చాలడూ?"

మస్తాన్ తాత పాపం అలవాటుకొద్దీ, "పద అక్కా, అన్నం తిందాం" అని లేచాడు.

నోటితో చెప్పని ప్రశ్నలకి జవాబు రాతలో ఇస్తారు. అది ఎంపీగారి ఆఫీసుకి వచ్చింది. బాబాయి వసారాలో నిలబడి చదివాడు. (ఎ) కింది కోర్టుల్లో నియామకాలు రాష్ట్ర ప్రభుత్వం, హైకోర్టుల పరిధిలోనివి. (బి), (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు. మా నాన్న, "నేను రోజూ చెప్పేది ఇదేగా" అని మురిసిపోయాడు. నాయనమ్మకి అర్థంకాక ఉత్పన్నమంటే ఏమిటని అడిగింది. పుట్టలేదని అర్థమన్నాడు బాబాయి. అంతే, వక్కల సంచి వెళ్ళి గోడకి తగిలింది. "పుట్టలేదా? ఇన్నేళ్ళు కడుపులో మోస్తున్నాన్రా నేను ఆ ప్రశ్నని! పుట్టలేదని ఎవడ్రా చెప్పేది?" అని ఏడ్చేసింది. ఆవిడ ఏడవగా నేను చూడటం అదే మొదలు. తాతయ్య పోయినప్పుడు కూడా అందరికీ మంచినీళ్ళిచ్చిన మనిషి.

కాసేపయ్యాక ముక్కు చీదుకుని లేచి, మస్తాన్ తాతకి కబురంపింది. ఆయన వచ్చేసరికి వసారాలో కుర్చీ వేసి ఉంది. "కూచో మస్తానూ. నువ్వే మంత్రివి. సాంబడూ, అడుగు" అంది. బాబాయి గొంతు సవరించుకున్నాడు. "(ఎ) దారికి కంప కొట్టిన మాట వాస్తవమేనా?" మస్తాన్ తాత తువ్వాలుతో చెమట తుడుచుకుని, "అవునండి" అన్నాడు. "(బి) అయితే కారణాలేమిటి?" "ఎద్దండి. మీ ఎద్దు నా పత్తి మేసిందండి." కాయలేరే ఆడవాళ్ళు అవునవునన్నారు. ఆ ఎద్దు సంగతి అందరికీ తెలుసు. అప్పుడు నాయనమ్మే అడిగింది. "(సి) మీ నాన్న మా ఆయనకి మాటిచ్చినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా లేదా?" మస్తాన్ తాత నాయనమ్మ వంక చూశాడు, నేల వంక చూశాడు, ఆగిపోయిన టీవీ వంక చూశాడు. చివరికి, "సమాచారం సేకరిస్తున్నానక్కా" అన్నాడు. మా నాన్న పకపకా నవ్వాడు. ఊరంతా నవ్వింది. నాయనమ్మ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే చూస్తే దారిలో కంప లేదు. బండి పట్టేంత సందు ఇచ్చి పక్కకి లాగేశాడు. నాన్న సంతోషంగా బండి కట్టబోయాడు. నాయనమ్మ వెళ్ళి ఎడ్ల ముందు నిలబడింది. "దారి ఇచ్చాడు, జవాబివ్వలేదు. జవాబు లేకుండా ఈ దారిన తోలితే, మీ నాన్న అబద్ధాలకోరని మనం ఒప్పుకున్నట్టేరా" అంది. ఎంత చెప్పినా వినలేదు. తెరిచిన దారి పక్కనుంచే, నెత్తిమీద బస్తాలతో, చుట్టు తిరిగి మోయించింది. ఆ దారిని చక్కగా వాడుకున్నది ఊళ్ళో మేకలే. చూసేవాళ్ళకి మా ఇంటిల్లిపాదికీ మతిపోయిందనిపించి ఉంటుంది. ఇద్దరూ కేసు మానుకుందామన్నా, మానుకుంటున్నామని చెప్పడానిక్కూడా జడ్జి కావాలట. అందుకని వాయిదాలకి మాత్రం ఎప్పటిలాగే ఒకే బస్సు, ఒకే క్యారేజీ. ఆవిడ ఆయన్ని మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. పచ్చడన్నం ముద్ద ఆయన చేతిలో పెట్టి ఆయన ముఖంలోకి చూసేది, అంతే. అది మంత్రిని నిలదీయడం కంటే ఘోరంగా ఉండేదని ఇప్పుడనిపిస్తుంది నాకు.

మొన్న గోంగూర మాంసంతో భోజనాలయ్యాక బాబాయి తన ఫోను చూపించాడు. వాళ్ళ వీధిలో దీపం వెలగడంలేదని ఏదో యాప్‌లో ఫిర్యాదు పెట్టాడట. గంట తిరక్కుండా, మీ సమస్య పరిష్కరించబడింది, మా సేవ మీకు ఎలా ఉంది అని మెసేజీ. సాయంత్రం ఇద్దరం వీధిలోకి వెళ్ళి ఆ దీపం కింద చీకట్లో నిలబడి ఆ మెసేజీ మళ్ళీ చదువుకున్నాం. "ఆ రోజుల్లో కనీసం ప్రశ్న పుట్టలేదనేవాళ్ళే. ఇప్పుడు పుట్టింది, పెరిగింది, పెళ్ళి కూడా అయిపోయిందంటున్నారు" అన్నాడు బాబాయి. హైకోర్టు తుళ్లూరు పక్కకే వచ్చింది, వాళ్ళమ్మ ఉంటే క్యారేజీ కట్టుకుని అక్కడికే పోయేదన్నాడు. అప్పుడే గొప్ప, ఇప్పుడు చెడిపోయిందని నేననను. అప్పుడూ ఎవరూ జవాబు చెప్పలేదు. కాకపోతే చెప్పలేదని మాకు తెలిసేది, దాని మీద అందరం కలిసి ఒక పూట నవ్వుకునేవాళ్ళం, ఏడ్చేవాళ్ళం. ఇప్పుడు ఆ ఫోన్లో వేలుపెట్టి నక్షత్రాలిచ్చి ఊరుకోవడమే. బాబాయి ఒక్క నక్షత్రమిచ్చాడు, అదీ పొరపాటున తగిలిందట.

మా కేసున్న కోర్టుకి చివరికి జడ్జిగారు వచ్చారు. నాయనమ్మ పోయిన తర్వాతి వేసవిలో వచ్చారు. వాది చనిపోయిందని కాగితం పెట్టవలసింది బాబాయే, లా చదివినవాడాయనే. అమ్మ పేరు కొట్టెయ్యడానికి చెయ్యి రావడంలేదని పెట్టలేదు. వాయిదా రోజున నాన్న, బాబాయి, కాలేజీ సెలవులకొచ్చిన నేను వెళ్ళాం. బస్టాపులో మస్తాన్ తాత అప్పటికే ఉన్నాడు. బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంచి తను పక్కన కూర్చున్నాడు. ఎవరినీ కూర్చోనివ్వలేదు. కోర్టులో బంట్రోతు గుమ్మంలోకొచ్చి పిలిచాడు. మాణిక్యమ్మా, మాణిక్యమ్మా, మాణిక్యమ్మా. బాబాయి సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు. వెనక బెంచీలోంచి మస్తాన్ తాత లేచి, ఎవరినీ అడక్కుండా వెళ్ళి బోనెక్కాడు.

"మా నాన్న మాటిచ్చాడండి. నేను పక్కనే ఉన్నానండి. వాళ్ళాయన అబద్ధమాడలేదు. ఏలిముద్రేసింది నేనే, జైల్లో ఏస్తే ఏయండి" అన్నాడు.

జడ్జిగారు కాగితాలు తిరగేసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "నువ్వు ప్రతివాదివి కదయ్యా. వాది రానేలేదు. నిన్నెవరడిగారు ఇప్పుడు?" అన్నారు.

మస్తాన్ తాత బోను కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆమే అడిగిందండి. అడిగినామె లేదని జవాబు చెప్పకుండా పోతానా అండీ?"